తీసెయ్యడం తేలికైతే తీసుకోవడం పెరుగుతుందా? లెక్క చూసే పద్ధతి

కార్మిక చట్టాల మాట ఎత్తగానే రెండు గొంతులు లేస్తాయి. "తీసెయ్యనివ్వండి, ధైర్యంగా తీసుకుంటాం" అని యజమానులు. "తీసెయ్యడానికా తీసుకునేది?" అని యూనియన్లు. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అంతకుముందు కేంద్ర చట్టం ప్రకారం 100 మంది ఉన్న ఫ్యాక్టరీ కూడా రిట్రెంచ్‌మెంటుకి (అంటే కార్మికుల తప్పేమీ లేకుండా, మిగులని తీసెయ్యడానికి) ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గీత 300 దగ్గరికి జరిగింది. ఇకమీదట ఏ అంకె పెరిగినా, తగ్గినా దాన్ని ఈ మార్పు ఖాతాలో వేసేవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. ఆ మాటల్ని తూచి చూడటానికి ఏ కాగితం తీయాలో, ఎక్కడ పప్పులో కాలేస్తామో ఇక్కడ ఉంది.

ముందు ప్రశ్నని విడగొట్టండి

"ఉద్యోగాలు పెరిగాయి" అన్న ఒక్క మాటలో మూడు అంకెలు దాక్కుని ఉంటాయి: ఏడాదిలో చేరినవాళ్ళు, మానేసినవాళ్ళూ తీసేసినవాళ్ళూ కలిపి వెళ్ళిపోయినవాళ్ళు, ఏడాది చివర మస్టర్‌లో (హాజరు పట్టీలో) మిగిలినవాళ్ళు. వంద మంది ఉన్న చోట 30 మంది చేరి 28 మంది వెళ్తే "30 మందికి ఉపాధి ఇచ్చాం" అన్న ప్రకటన అబద్ధం కాదు. కానీ పెరిగింది ఇద్దరే.

తొలగింపు ఖర్చు రెండు వైపులా పనిచేస్తుంది. ఆర్డర్లు పడిపోయినప్పుడు తీసేసే చేతిని పట్టుకుంటుంది, ఆర్డర్లు పెరిగినప్పుడు తీసుకునే చేతినీ పట్టుకుంటుంది. ఖర్చు తగ్గిస్తే రెండు చేతులూ వదులవుతాయి. మిగిలే తలల లెక్క ఎటు పోతుందో సిద్ధాంతం చెప్పలేదు. అందుకే చేరికల అంకె ఎవరైనా చూపిస్తే వెళ్ళినవాళ్ళ అంకె కూడా పెట్టమనండి. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) నెలనెలా ఇచ్చే పేరోల్ లెక్కలో రెండూ ఉంటాయి. అయితే అందులో "కొత్త సభ్యుడు" అంటే కొత్త ఉద్యోగం అని అర్థం కాదు. పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషికి ఈ నెల పీఎఫ్ మొదలుపెట్టినా కొత్త సభ్యుడే.

ఒక్క మనిషిని తీస్తే ఎంతవుతుంది

ఇది కాగితం మీద వెయ్యకుండా వాదనకి దిగకండి. నెల వేతనం 18,000, సర్వీసు 8 ఏళ్ళు అనుకుందాం. నోటీసు బదులు ఒక నెల జీతం 18,000. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం: 9,000 × 8 = 72,000. తీసేసినవాళ్ళు కొత్త పని నేర్చుకోవడానికని కోడ్ కొత్తగా పెట్టిన రీస్కిల్లింగ్ నిధికి 15 రోజుల వేతనం 9,000. మొత్తం 99,000. ఇది 300 లోపు ఉన్న చోట. 300, ఆ పైన అయితే అనుమతీ కావాలి, నోటీసూ మూడు నెలలు.

ఇక్కడ తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది, 15 రోజుల వేతనానికి గ్రాట్యుటీ అలవాటుతో నెలని 26తో భాగించడం. నెల జీతగాడి రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి ఆ సూత్రం వర్తించదని పాత చట్టం కింద 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ 15 రోజులంటే సగం నెల. రెండోది, గ్రాట్యుటీని కూడా తొలగింపు ఖర్చులో కలిపెయ్యడం. పై మనిషికి గ్రాట్యుటీ 18,000 × 15 ÷ 26 × 8, అంటే సుమారు 83,077. కానీ అతను రేపు తనంతట తాను రాజీనామా చేసినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. అది చేసిన సర్వీసుకి బాకీ, తీసేసినందుకు పడే ఖర్చు కాదు. "ఒక్కడిని తీస్తే రెండు లక్షలు" లాంటి మాటల్లో సగం వరకు ఇదే ఉంటుంది. మూడోది, బేసిక్ ఒక్కటే పట్టుకుని లెక్కించడం. కోడ్ మినహాయించిన భత్యాలు మొత్తం ముట్టేదాంట్లో సగం దాటితే, దాటిన మేర వేతనంలో కలుస్తుంది.

ఇప్పుడు 99,000ని 96 నెలలకు పంచితే నెలకి 1,031, వేతనంలో ఆరు శాతం లోపే. అదీ ఖాయంగా తీసేస్తామని తెలిస్తేనే. ఐదుగురిలో ఒకరినే తీయాల్సి వస్తుందనుకుంటే తలకి నెలకి 206 రూపాయలు. వేతనంలో ఒక శాతం చిల్లర. ఈ మొత్తం మాఫీ చేసినంత మాత్రాన షిఫ్టు పెంచే యజమాని ఎవరూ ఉండడు.

మరి యజమానుల భయం ఉత్తిదేనా? కాదు. భయం పరిహారం గురించి కాదు, అనుమతి దొరుకుతుందా అన్న అనిశ్చితి గురించి, ఏళ్ళ తరబడి సాగే కేసు గురించి. నోటీసు, పరిహారం పద్ధతిగా ఇవ్వకుండా పంపిస్తే ఆ తొలగింపే చెల్లకుండా పోవచ్చు. అప్పుడు పాత బకాయి జీతాలతో సహా తిరిగి తీసుకోమన్న ఉత్తర్వు వస్తే లక్ష కాస్తా అనేక లక్షలవుతుంది. కాబట్టి నియమం "తేలికైంది" అని ఎవరైనా అంటే తేలికైంది డబ్బా, అనుమతా, కేసు కాలమా అని అడగండి. కోడ్ ముఖ్యంగా తగ్గించింది అనుమతి బెడద. డబ్బు ఖర్చు మాత్రం రీస్కిల్లింగ్ నిధి రూపంలో కొంచెం పెరిగింది.

గీత దగ్గర గుంపు ఉందా చూడండి

నియమం నిజంగా భయపెడుతుంటే గీతకి కాస్త ఇవతల ఫ్యాక్టరీలు గుమిగూడాలి. 95, 98, 99 మందితో చాలా ఉండి 100 దాటగానే పలచబడాలి. ఫ్రాన్సులో 50 దగ్గర ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, 49 మందితో ఆగిపోయిన సంస్థలు బారులు తీరి ఉంటాయి. (అక్కడ 50కి తొలగింపుతో పాటు వేరే బాధ్యతలూ చాలా మొదలవుతాయి.) మన దేశంలో 100 దగ్గర ఆ గుంపు చెప్పుకోదగ్గంతగా లేదని ఆర్థికవేత్తలు షే, ఓల్కెన్ 2014లో లెక్క తీసి చూపించారు. అంటే నియమానికి బలం లేదనుకోవచ్చు. పక్కదారి ఉందని కూడా అనుకోవచ్చు.

ఆ పక్కదారి కాంట్రాక్టు లేబర్. ఫ్యాక్టరీల వార్షిక సర్వేలో కాంట్రాక్టు కార్మికుల వాటా 2000 ప్రాంతంలో ఐదో వంతు, ఇప్పుడు ఐదింట రెండు వంతులు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని సవరించి, ప్రధానమైన పని కాని చోట్ల, అంటే పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, ఎత్తుడు దింపుడు వంటి వాటిలో, ఆ దారిని వెడల్పు చేసింది. తీసేసే స్వేచ్ఛ ఇలా ముందే చేతిలో ఉంది గనక, గీతని 300కి జరిపితే వచ్చే మార్పు తలల సంఖ్యలో కంటే పర్మినెంటు, కాంట్రాక్టు నిష్పత్తిలో వెతకాలి. నిష్పత్తి కదలకపోతే ఆ నియమం అసలు అడ్డంకి కాదన్నమాట.

పోల్చేటప్పుడు

ముందు, తరువాత అని రెండు అంకెలు పక్కపక్కన పెడితే సరిపోదు. అదే రోజుల్లో ఇంకేం మారిందో వెతకండి. ఇటలీ 2015 మార్చి 7 నుంచి కొత్త నియామకాలకి తొలగింపు నియమాలు సడలించింది. పర్మినెంటు నియామకాలు జోరుగా పెరిగాయి. కానీ అంతకు రెండు నెలల ముందే, జనవరి 1 నుంచి, పర్మినెంటుగా తీసుకున్న ఒక్కో మనిషికి ఏడాదికి 8,060 యూరోల దాకా సామాజిక భద్రతా చందా మూడేళ్ళు మాఫీ చేసింది. రెండింటినీ విడదీసి చూసినవాళ్ళకి పెరుగుదలలో పెద్ద వాటా మాఫీదిగా తేలింది. జర్మనీ తన తొలగింపు నియమాలు వర్తించే గీతని 1996లో 5 మంది నుంచి 10కి పెంచింది, 1999లో మళ్ళీ 5కి దించింది. పెంచినప్పుడూ దించినప్పుడూ చిన్న సంస్థల్లో చేరికలు, తొలగింపులు పెద్దగా కదల్లేదు.

రాజస్థాన్ 2014లోనే గీతని 300కి తీసుకెళ్ళింది గనక అందరూ దాన్నే ఉదాహరణగా చూపిస్తారు. కానీ ఆ ఏడాదే ఆ రాష్ట్రం "ఫ్యాక్టరీ" నిర్వచనాన్నీ కరెంటు వాడేచోట 10 మంది నుంచి 20కి, వాడనిచోట 20 నుంచి 40కి పెంచింది. చిన్న కార్ఖానాలు లెక్కలోంచే జారిపోయే వీలుంది. ఫ్యాక్టరీకి సగటు కార్మికులు పెరిగినట్టు కనపడితే, ఎదిగినవి పెద్దవా, జారిపోయినవి చిన్నవా అన్నది ముందు తేల్చండి.

కార్మిక చట్టానికి చేసిన సవరణలు ఎవరి వైపున్నాయో చూసి రాష్ట్రాలకి మార్కులు వేసిన పట్టికలు చూసినా మార్కు వెనక ఏ సవరణ ఉందో తెరిచి చదవండి. ఆర్థికవేత్తలు బెస్లీ, బర్జెస్ 2004 నాటి ప్రసిద్ధ అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు, గుజరాత్ కార్మికుల వైపు. గుజరాత్‌కి ఆ ముద్ర ఎందుకు పడిందంటే, సంయుక్త యాజమాన్య మండలికి (యజమానుల, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే కమిటీకి) తన ప్రతినిధుల్ని పెట్టని యజమానికి రోజుకి 50 రూపాయల జరిమానా వేసిన ఒకే ఒక్క సవరణ వల్ల. 2006లో ఆర్థికవేత్త ఆదిత్య భట్టాచార్య ఈ లొసుగు బయటపెట్టారు.

మీ ఫ్యాక్టరీలోనే చేసుకునే పరీక్ష

ఓవర్‌టైమ్ రిజిస్టర్ తీయండి. 18,000 జీతం, నెలకి 208 గంటలు. గంటకి 86.50, రెట్టింపు 173. ఒక మనిషి చేసే పనిని ఓవర్‌టైమ్‌లో లాగితే నెలకి 36,000. కొత్త మనిషిని పెడితే పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్ కలిపి 22,500 అనుకుందాం. తేడా 13,500. ఏడాది తరువాత అతన్ని తీయాల్సి వచ్చినా నోటీసు 18,000, పరిహారం 9,000, నిధి 9,000, మొత్తం 36,000. మూడు నెలల తేడాతోనే అది తీరిపోతుంది. మూడు నెలలకి మించి ఓవర్‌టైమ్ మీదే నడుస్తున్న చోట "తీసెయ్యలేమని తీసుకోవట్లేదు" అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. ఒకవేళ రిజిస్టర్‌లో రెట్టింపు రాసి చేతికి సింగిల్ రేటే ఇస్తుంటే అదే పని 18,000కి అయిపోతుంది, 22,500 పెట్టి కొత్త మనిషిని ఎవరూ పెట్టరు. అక్కడ నియామకాన్ని ఆపుతున్నది తొలగింపు చట్టం కాదు, ఓవర్‌టైమ్ ఎగవేత.