మూడు చైన్ మోటార్లపై ట్రస్: భారం సమంగా పడకపోతే

సమస్య: దీపాలను వేలాడదీసే లోహపు చట్రాన్ని (ట్రస్) మూడు చైన్ మోటార్లు (గొలుసుతో బరువును ఎత్తే విద్యుత్ యంత్రాలు) మోస్తున్నాయి; మధ్య మోటారుపై లోడ్ సెల్ (బరువును కొలిచే పరికరం) అనుకున్నదానికి దాదాపు రెట్టింపు బరువు చూపిస్తోంది.

మొత్తం బరువును మోటార్ల సంఖ్యతో భాగించడం వల్లే ఈ తేడా వస్తుంది. చివర్లలో రెండే మోటార్లు ఉండి, భారం పొడవునా సమంగా పరచుకుని ఉంటే ఆ లెక్క సరిపోతుంది. మూడోది నడుమ చేరగానే, అతుకుల్లేని దూలంలా పనిచేసే ట్రస్ రెండు పక్కల భారంలోనూ ఎక్కువ వంతును మధ్య ఆధారంపైకి నెడుతుంది. 12 మీటర్ల ట్రస్, దీపాలు, కేబుళ్లు కలిపి 600 కిలోలు పొడవునా సమంగా ఉన్నాయనుకుందాం. ఒక్కో మోటారుపై 200 కిలోలు పడవు; చివరివాటిపై 112.5 చొప్పున, మధ్యదానిపై 375 కిలోలు పడతాయి. నడుమ 250 కిలోల మోటారు ఉంటే, ట్రస్ చక్కగా సమతలంలో కనిపిస్తున్నా ఆ మోటారు పరిమితి దాటిపోయినట్టే.

మధ్యలో 500 కిలోల మోటారు వాడి, పైకప్పులోని ఆ బిందువు అంత భారాన్ని మోయగలదో లేదో నిర్ధారించుకోవడం సరైన పరిష్కారం. చివరి మోటార్లను మీటరున్నర చొప్పున లోపలికి జరిపితే మధ్యదానిపై సుమారు 244, మిగతావాటిపై 178 కిలోల చొప్పున పడతాయి కానీ, 250 కిలోల మోటారుకు ఆ మిగులు చాలదు. పైగా బయటికి పొడుచుకొచ్చే భాగానికి తయారీదారు పట్టిక అనుమతి ఉండాలి. సమాన దూరాల్లో నాలుగు మోటార్లు పెడితే చివరివాటిపై 80, లోపలివాటిపై 220 కిలోల చొప్పున పడతాయి.

సమస్య: ఎత్తి ఆపాక మధ్య గొలుసు వదులుగా ఉంది.

ఒకే రకం మోటార్లు కూడా వేగంలోనూ, బ్రేకు పట్టే క్షణంలోనూ కొద్దిగా తేడా చూపుతాయి. ట్రస్ ఎంత బిగువైనదైతే, అంత చిన్న తేడాకే భారం ఒక బిందువు నుంచి మరోదానికి మారిపోతుంది. మధ్యది పూర్తిగా వదులైతే చివరివి 300 కిలోల చొప్పున మోస్తాయి. ట్రస్‌లో గరిష్ఠ వంపు భ్రామకం (ట్రస్‌ను వంచే ప్రభావం) 225 నుంచి 900 కిలోగ్రామ్-మీటర్లకు, అంటే నాలుగింతలకు చేరుతుంది. నేను దీన్నే అన్నిటికన్నా ప్రమాదకరంగా భావిస్తాను, ఎందుకంటే ఇక్కడ మోటారు కన్నా ముందు ట్రస్ దెబ్బతినవచ్చు. చివరివి వెనకబడితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది: 600 కిలోలూ మధ్య గొలుసుపైకే రావచ్చు.

ముందుగా కింద ఎవరూ లేకుండా చూడాలి. ఆ తర్వాత వదులైన మోటారును ఒక్కదాన్నే చిన్న చిన్న కదలికలతో బిగిస్తూ, మూడు లోడ్ సెల్‌ల అంకెలనూ గమనించాలి. లెక్కించిన విలువలకు అవి దగ్గరయ్యాకే ఆపాలి. లేజర్ గీత ఎత్తును చూపిస్తుంది తప్ప గొలుసులోని భారాన్ని చూపించదు.

సమస్య: ఒక మోటారు ఆగిపోయింది, లేదా వ్యతిరేక దిశలో నడుస్తోంది.

వ్యతిరేక దిశలో నడిస్తే ఆ కేబుల్‌లో రెండు ఫేజ్‌లు తారుమారై ఉంటాయి. ఆగిపోతే ఫేజ్ పోవడం, లిమిట్ స్విచ్ (గొలుసు హద్దుకు చేరగానే మోటారును ఆపే స్విచ్) తగలడం, అధిక భారంతో క్లచ్ జారడం వంటి కారణాలు చూడాలి. క్లచ్ జారుతుంటే దాన్ని బిగించకూడదు. భారాన్ని దించి, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. ట్రస్‌కు తగిలించక ముందే ఒక్కో మోటారును విడిగా పైకీ కిందికీ నడిపి చూస్తే ఫేజ్ లోపాలు నేల మీదే బయటపడతాయి.