రోటరీ ఇంజిన్ మైలేజీ: నా కారులో పనిచేసింది ఇదే

అమెరికాలో నేను నడిపే రెండు రోటర్ల (పిస్టన్ల బదులు తిరిగే మూడు ముఖాల భాగాలు) స్పోర్ట్స్ కారు మైలేజీ గ్యాలన్‌కు 14 మైళ్లకు పడిపోయింది. ఎయిర్ ఫిల్టర్, ఖరీదైన పెట్రోలు, టైర్లలో గాలి, దేనితోనూ తేడా రాలేదు.

పనిచేసింది ఇగ్నిషన్, అంటే పెట్రోలును నిప్పురవ్వతో మండించే వ్యవస్థ, బాగుచేయడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ముందు నాలుగు కాయిల్స్ (ప్లగ్గులకు హై వోల్టేజీ కరెంటు ఇచ్చేవి), తర్వాత వైర్లు, చివర్లో స్పార్క్ ప్లగ్గులు మార్చాను. ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులుంటాయి: కింద లీడింగ్, పైన ట్రెయిలింగ్. రెండూ ఒకే రకం కావు, దయచేసి తారుమారు చేయకండి. కాయిల్ బలహీనపడితే కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతుంది, పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. అందుకే ఒక్కటే మార్చి ఊరుకోలేదు.

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్కేస్తే ఇప్పుడు 18 వస్తోంది, అదీ ఎక్కువగా హైవే మీదే. చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు ఇంత రాకపోవచ్చు. కంప్రెషన్ (లోపల గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) తగ్గిన ఇంజిన్‌కైతే ఇది మందు కాదు. ముందు కంప్రెషన్‌ను రోటరీ ఇంజిన్ల టెస్టర్‌తోనే చూపించుకోండి. మామూలు గేజ్ రోటర్ మూడు ముఖాలనూ విడివిడిగా చూపించదు.