వానల ముందు అడవిలో పోలీసు పోస్టుకు పోయే తమ్ముళ్ళకు కొన్ని జాగ్రత్తలు

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకి, ఇంకా రెండు వారాలే ఉంది. మా సిరొంచ బస్టాండులో ట్రంకుపెట్టె, చుట్టిన దోమతెర పక్కన పెట్టుకుని ఆలాపల్లి బస్సు కోసం చూసే కుర్రాళ్ళు రోజూ కనబడుతున్నారు, అందులో సగం మంది నన్ను అన్నా అని పిలిచేవాళ్ళే. మహారాష్ట్రలోని ఈ గడ్చిరోలి జిల్లా పోలీసు పోస్టుల్లో 19 ఏళ్ళు డ్యూటీ చేశాను. రెయిన్‌కోటు, బూట్లు, టార్చి గురించి మీకు అందరూ చెప్తారు కాబట్టి నేను మనసు గురించి చెప్తాను. వానలు పడ్డాక పర్లకోట నది పొంగి భామరాగఢ్‌కి దారి తెగిపోవడం ఏటా ఉన్నదే. దారి తెగితే లీవు ఆగిపోతుంది, టవరు పోతుంది, రోజుల తరబడి అదే పప్పు, అవే ముఖాలు. 2025 అక్టోబరులో గడ్చిరోలిలో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో కలిసి ఆయుధాలు అప్పగించాక తుపాకుల భయం బాగా తగ్గింది, సంతోషమే. కానీ చీకటి, ముసురు, నిద్రలేమి, ఇంటి బెంగ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు నిద్ర. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అందుకే కాస్త ఎక్కువ చెప్తున్నా. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతులూ బుర్రా ఎలా పనిచేస్తాయో 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూస్తే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి 0.03 శాతం దాటితే చాలు, కేసు. పొద్దున ఐదింటికి లేచి, పెట్రోలింగ్‌కి పోయి వచ్చి, బట్టలు ఆరేసుకుని, రాత్రి పదింటికి సెంట్రీ డ్యూటీలో నిలబడ్డవాడు ఎలా ఉన్నట్టో మీరే లెక్కేసుకోండి. ఇక తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒళ్ళు దానంతటదే నిద్రలోకి జారిపోతుంటుంది. అలాంటి వేళ ఒకసారి, వాన సన్నగా పడుతుండగా, కంచె అవతల నల్లగా ఎవరో వంగి నడుస్తున్నట్టు కనబడితే నేను గురిపెట్టేశాను, వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. పక్కనున్న హవల్దార్ టార్చి వేశాడు. ఊళ్ళోవాళ్ళ బర్రె, ఒళ్ళంతా తడిసి, మెడలో తెగిన తాడుతో నిలబడి ఉంది. దాన్ని వెతుక్కుంటూ ఒక పిల్లాడు వచ్చి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి వానలు మొదలవక ముందే పోస్టు ఇన్‌చార్జితో కూర్చుని రోస్టర్ సరిచేయించుకోండి, రెండు గంటలు పడుకో రెండు గంటలు నిలబడు అని ముక్కలు చేయకుండా ఒక్కొక్కరికి కనీసం ఐదారు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేలా. రాత్రి డ్యూటీకి ముందు 20 నిమిషాల కునుకు చాలా పనిచేస్తుంది. నిద్రలోంచి లేపినవాడి చేతిలో వెంటనే తుపాకీ పెట్టి గేటుకి పంపకండి, ముఖం కడుక్కుని పావుగంట తిరగనివ్వండి. టీ డ్యూటీ మొదట్లో తాగండి, దిగబోయే ముందు వద్దు, దాంట్లో కెఫిన్ సగం తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది. దోమతెరలో దూరాక ఫోన్ బయటే ఉంచండి.

రెండోది ఊపిరి. ఏదైనా పేలినప్పుడో, కాల్పులు మొదలైనప్పుడో చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైపోతుంది, పక్కవాడు అరిచినా వినబడదు, వేళ్ళు మొద్దుబారి తుపాకీకి మ్యాగజైన్ ఎక్కించడం కూడా రాదు. ఇది అడ్రినలిన్ చేసే పని, ఎంత శిక్షణ ఉన్నవాడికైనా జరుగుతుంది, సిగ్గుపడాల్సిందేం లేదు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, నాలుగు ఆగడం చాలా సైన్యాల్లో నేర్పుతారు, ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. అయితే తీరా ఆపద వచ్చాక మొదలుపెడితే ఇది గుర్తే రాదు. ఇప్పుడు, ఇంట్లో ఉన్నప్పుడే అలవాటు చేసుకోండి. గ్రౌండులో రొప్పు వచ్చేలా పరుగెత్తి, ఆగి, నాలుగుసార్లు అలా ఊపిరి తీసి, అప్పుడు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టండి. వేళ్ళు మాట వింటున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

పక్కవాడు బిగుసుకుపోతే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి. ఇజ్రాయెల్ సైన్యంలో మొదలై అమెరికా సైన్యం కూడా తీసుకున్న పద్ధతి ఒకటుంది, నిమిషం పట్టదు. చెంప మీద కొట్టడం, తిట్టడం చేయకండి. ఎదురుగా వెళ్ళి, చేయి గట్టిగా పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ "నేను నీతోనే ఉన్నా తమ్మీ" అనాలి. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు: మనం ఎంతమందిమి? మన జట్టు కమాండర్ ఎటువైపున్నాడు? ఆ తర్వాత జరిగిందీ, ఇప్పుడు జరుగుతున్నదీ, జరగబోయేదీ వరసగా చెప్పాలి: పేలింది, మనవాళ్ళు కవర్ తీసుకున్నారు, ఇప్పుడు ఆ గట్టు దాకా పోతాం. చివర్లో చేతికి పని అప్పగించాలి, "నా వెనక కుడివైపు చూడు, ఏం కనబడితే అది చెప్పు" అని. ఇది ఇద్దరిద్దరు జతకట్టి పది సార్లన్నా ఆడి చూడండి.

మనిషి పొంతన లేకుండా మాట్లాడితే టెన్షన్ అని వదిలేయకండి, ముందు ఒళ్ళు పట్టి చూడండి. మన జిల్లాలో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉంది, అది మెదడుకి ఎక్కితే మనిషి తికమకపడతాడు, గంటలు కూడా విలువైనవే. రక్తపరీక్ష కిట్లు పోస్టులో ఉన్నాయో లేదో, వాటి తేదీ దాటిందో ఇప్పుడే చూసుకోండి. మలేరియా రాకుండా మెఫ్లోక్విన్ ఇస్తే, గతంలో మానసిక సమస్య గానీ మూర్ఛ గానీ ఉన్నవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి, దానివల్ల కొందరికి పీడకలలు, ఆందోళన వస్తాయి.

ఇంటి సంగతులు. భూమి తగాదా, లోన్ కిస్తీ, అమ్మ ఆపరేషన్, ఇవన్నీ వానలకు ముందే ఒక కొలిక్కి తెచ్చుకోండి, కుదరకపోతే ఎవరు చూసుకుంటారో తేల్చుకోండి. ఇంట్లోవాళ్ళకీ ఒక మాట: చెడ్డ కబురు ఉంటే సెంట్రీ డ్యూటీకి నిలబడబోయే వాడికి నేరుగా చెప్పకండి వదినా, ముందు పోస్టు ఇన్‌చార్జికి చెప్పండి. ఎవరైనా ఉన్నట్టుండి మౌనమైపోయినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, బతికి ఏం లాభం అన్నా తేలిగ్గా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా, ఆయుధం అతని దగ్గర లేకుండా చూడమని కమాండర్‌కి చెప్పండి. ఒకసారి మా పోస్టులో ఒక కుర్రాడి గురించి నేను చెప్తే పై అధికారి డ్రామా అని కొట్టిపారేశాడు. మేం ముగ్గురం వంతులేసుకుని వాడి పక్కనే పడుకున్నాం. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు.

2019 మే 1న కుర్ఖేడా తాలూకాలో మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ళ డ్రైవరు పోయిన రాత్రి మా పోస్టులో ఎవరూ అన్నం ముట్టలేదు. అలాంటిది జరిగాక కుర్రాళ్ళని కూర్చోబెట్టి మొత్తం మళ్ళీ చెప్పమని బలవంతం చేయకండి. వేడిగా తిననివ్వండి, పడుకోనివ్వండి, మాట్లాడతానంటే వినండి. మందు మాత్రం పోయకండి, అది నిద్రని ఇంకా చెడగొడుతుంది. పీడకలలు, ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడొచ్చు. ఫోన్ తడిస్తే నంబర్లన్నీ పోతాయి. దీన్నీ, ఇంటి నంబరునీ, జతగాడి ఇంటి నంబరునీ పెయింటుతో ట్రంకుపెట్టె మూత లోపల రాసుకోండి, బస్సెక్కే లోపే.