మంచు తుఫానుకు ఇంటిని సిద్ధం చేయడం – పాఠం 4: ఫర్నేస్, దాని గొట్టాలు, కరెంటు పోయిన రాత్రి

మూడో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివాక, ఈసారి మళ్లీ నీళ్ల పైపుల దగ్గరికే వెళ్లక తప్పడం లేదు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ సంగతి కాస్త ఆగుతుంది.

"గడ్డకట్టే చలి రాత్రి కుళాయి సన్నగా వదలండి" అని రాశాను. చాలామంది వంటింటి సింకులో చల్లనీళ్ల వైపు మాత్రమే తిప్పి పడుకున్నారు. ఇక్కడ అమెరికాలోనే రోచెస్టర్ నుంచి రాసిన ఒకరింట్లో పొద్దున్నే వేణ్ణీళ్లు రాలేదు. పేరుకి వేణ్ణీళ్ల పైపే గానీ, అర్ధరాత్రి దాటాక అందులో ఉన్నవీ చల్లనీళ్లే. రెండు పైపులూ ఆ బయటి గోడలోంచే వస్తున్నాయి కాబట్టి రెండింటికీ ప్రమాదం ఒకటే. ఒకే హ్యాండిల్ ఉన్న కుళాయి అయితే దాన్ని మధ్యలో పెట్టి వదలండి. రెండు హ్యాండిళ్లుంటే రెండూ తిప్పండి.

ఎందుకు వదలమంటున్నానో పోయినసారి సరిగ్గా వివరించి ఉంటే బాగుండేదనిపిస్తోంది, అందుకే ఇప్పుడు చెబుతాను. నీళ్లు మంచుగా మారితే దాదాపు 9 శాతం పెరుగుతాయి. అయితే పైపు చాలాసార్లు మంచు కట్టిన చోట పగలదు. మంచు బిరడాకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్లకు పోయే దారి ఉండదు, అక్కడ ఒత్తిడి పెరిగి పైపు చీలుతుంది. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. అందుకే పైపు గడ్డకట్టిందని తెలిసినా కుళాయి మూయకండి. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడి చేసుకుంటూ వెనక్కి వెళ్లండి. కొవ్వొత్తి గానీ, మంట వచ్చే టార్చ్ గానీ పైపు దగ్గరికి తేవద్దు.

గది వెచ్చదనం పైపులకు తగిలేలా సింకు కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచమన్నాను. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు రాత్రి వంటిల్లు సర్దుతూ ఆ తలుపులు వేసేశారని ఇద్దరు ముగ్గురు రాశారు. పెద్దవాళ్లకు ముందే చెప్పండి, లేదా తలుపు మీద తెలుగులో ఒక చీటీ అంటించండి. వాళ్ల పద్ధతిలో అది శుభ్రంగా ఉంచుకోవడమే.

ఇంటి బయట గోడకున్న కుళాయి గురించి కూడా చెప్పాలి. "మాది గడ్డకట్టని రకం, అందుకే గార్డెన్ గొట్టం తీయలేదు" అని ఒకరు రాశారు. ఆ రకంలో నీటిని ఆపే వాల్వు గోడకు లోపల, వెచ్చటి భాగంలో ఉంటుంది. కుళాయి కట్టేశాక బయటివైపు మిగిలిన నీళ్లు కారిపోవాలి, దాని పనితనమంతా అందులోనే ఉంది. గార్డెన్ గొట్టం తగిలించి ఉంటే ఆ నీళ్లు కారవు, లోపలే గడ్డకడతాయి, కుళాయి పైపు గోడ లోపల చీలుతుంది. దుర్మార్గం ఏమిటంటే చలికాలమంతా ఏమీ తెలియదు. ఏప్రిల్‌లో మొక్కలకు నీళ్లు పెడదామని కుళాయి తిప్పినప్పుడు బేస్‌మెంట్ గోడ వెంట నీళ్లు దిగుతాయి. ఈ పేరా చదవగానే లేచి వెళ్లి గొట్టం ఊడదీసి రండి.

డిసెంబర్‌లో ఇండియా వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగిన ప్రశ్న: ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ ఆపేసి వెళ్లొచ్చా? వద్దు. 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 13 సెల్సియస్, అంతకన్నా తగ్గించకండి. నేనైతే 58 దగ్గర పెడతాను. ఆ నాలుగు డాలర్ల ఆదాతో మనశ్శాంతి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి, లోపలి నీళ్లు దించేసి వెళ్లండి. మీ ఇంట్లో వేణ్ణీళ్లతో నడిచే రేడియేటర్లు గానీ, ఫైర్ స్ప్రింక్లర్లు గానీ ఉంటే మాత్రం వాల్వు ముట్టుకునే ముందు ప్లంబర్‌ని అడగండి.

ఇక ఈ పాఠం.

బియ్యం, పప్పు, ఆవకాయ, మందులు, బ్యాటరీలు, మనిషికి రోజుకో గాలన్ నీళ్లు: ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఉప్పు, పార సంగతి రెండో పాఠంలో అయిపోయింది.

"మాది గ్యాస్ ఫర్నేస్ కాబట్టి కరెంటు పోయినా ఫర్వాలేదు" అన్న మాటతో మొదలుపెడదాం. ఫర్వా ఉంటుంది. గ్యాస్ మండించే బోర్డుకూ, వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యానుకూ కరెంటు కావాలి. కరెంటు పోతే ఫర్నేస్ ఆగుతుంది. గ్యాస్ స్టవ్ మాత్రం చాలా ఇళ్లలో అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చు. అది వంటకే, గది వెచ్చబెట్టడానికి వద్దు.

ఇప్పుడు బయటికి వెళ్లి మీ ఇంటి పక్కగోడ చూడండి. కొత్త రకం ఫర్నేస్ అయితే మోకాలెత్తులోనో నడుమెత్తులోనో రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి. ఒకటి గాలి పీలుస్తుంది, ఒకటి వదులుతుంది. వదిలే దాని అంచున తడి, చలి రోజుల్లో సన్నటి మంచు ముళ్లు కనిపిస్తాయి. వీటిని మంచు కప్పేస్తే ఫర్నేస్ తనంతట తాను ఆగిపోయేలా సాధారణంగా ఏర్పాటు ఉంటుంది. ఎముకలు కొరికే చలిలో అదీ కష్టమే. వాటర్ హీటర్ గొట్టం కూడా ఆ పక్కనే ఉండొచ్చు, అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే వస్తుంది. చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచండి.

గాలి నెమ్మదించిన మూలల్లోనే మంచు గుట్టపడుతుంది. మీకు చాటుగా, భద్రంగా కనిపించే గోడే ముందు పూడిపోవచ్చు. అందుకే తుఫానుకు ముందే గొట్టాల పక్కన డ్రైవ్‌వేకి వాడే నారింజరంగు కర్ర ఒకటి పాతండి. చీకట్లో, నడుంలోతు మంచులో ఎక్కడ తవ్వాలో అది చూపిస్తుంది. గొట్టాల చుట్టూ చేత్తోనే తీయండి. గ్యాస్ మీటర్ మీద మంచును చీపురుతో తుడవండి, పారతో కొట్టకండి. మంచు ఎగజిమ్మే స్నో బ్లోయర్ మూతి ఈ గోడవైపు తిప్పకండి.

ఈ పాఠంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే, అది ఇదే కావాలి. "గరాజ్ షట్టర్ సగం ఎత్తి జనరేటర్ పెట్టుకుంటాం, గాలి ఆడుతుంది కదా." ఈ మాట ప్రతి ఏడాదీ వింటాను, విన్న ప్రతిసారీ భయం, కోపం రెండూ వస్తాయి. గాలి ఆడదు. బయటి గాలి లోపలికే తోస్తే ఆ పొగంతా గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్లే తలుపు సందుల్లోంచి పడగ్గదులకు చేరుతుంది. షట్టర్ పూర్తిగా ఎత్తినా అంతే. జనరేటర్ ఇంటికి, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి. దాని వైరును గోడ ప్లగ్గులో పెట్టి ఇల్లంతా వెలిగించుకోవడం మరో ఘోరం. ఆ కరెంటు వెనక్కి వీధిలైన్లోకి వెళ్లి, లైను బాగుచేసే మనిషి ప్రాణం తీయగలదు.

చికెన్ కాల్చుకునే బార్బెక్యూ గ్రిల్లు గరాజ్‌లో వద్దు, బేస్‌మెంట్‌లో వద్దు, కిటికీ తెరిచీ వద్దు. క్యాంపింగ్ స్టవ్‌తో గది వెచ్చబెట్టడం వద్దు. ఓవెన్ తలుపు తెరిచి హాలు వేడిచేయడం వద్దు. ఫోన్ ఛార్జింగ్ కోసం గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చోవడం వద్దు.

"లంబసింగిలో మా తాతయ్యగారు మంచం కింద కుంపటి పెట్టుకునేవారు, ఏమైంది?" అని ఒకరు అడిగారు. గౌరవంగానే జవాబు చెబుతాను. ఆ ఇంటి పెంకుల సందుల్లోంచి, తలుపుల కిందనుంచి గాలి వస్తూ పోతూ ఉండేది. అప్పుడూ ప్రమాదం లేదనలేం. ఇక్కడి ఇల్లు వేడి బయటికి పోకుండా అన్ని సందులూ మూసి కట్టింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగిపోయి కణకణలాడే బొగ్గులు కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. పెద్దవాళ్లు జలుబనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ లక్షణాలు కూడా తెలియవు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో వందల మంది ఈ వాయువుతో ఆస్పత్రుల పాలయ్యారు. గ్రిల్లులు, గరాజ్‌లో కార్లు, జనరేటర్లు. అదే రాష్ట్రంలో, డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు "మాకెందుకీ పాఠాలు" అంటుంటారు, మీకోసమే ఈ పేరా.

ఈ వాయువును పసిగట్టి మోగే డిటెక్టర్ ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా ఉండాలి. టెస్ట్ బటన్ నొక్కితే కూత వినిపించేది హారన్, బ్యాటరీ బాగున్నాయని మాత్రమే. లోపలి సెన్సర్ ముసలిదైపోతుంది. వెనక్కి తిప్పి చూస్తే తయారైన తేదీయో, మార్చాల్సిన తేదీయో ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనరు వదిలేసినదైతే ఈ రోజే చూడండి.

అది మోగితే అందరూ బయటికి, తర్వాత అత్యవసర నంబరు 911కి ఫోన్. బయట మంచు తుఫాను ఉంటే ఎక్కడికి? 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో 37 గంటలపాటు తుఫాను ఆగలేదు. ఫైరింజన్లు, అంబులెన్సులే మంచులో కూరుకుపోయాయి. కాబట్టి పక్కింటివాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి: మేం మీ తలుపు తడితే తీస్తారా, మీరు మా తలుపు తడితే మేం తీస్తాం. అవతలివాళ్లు ఏ దేశంవాళ్లైనా ఈ మాట అర్థం చేసుకుంటారు.

అభ్యాసం: బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (దాదాపు 4 సెల్సియస్) అటూ ఇటూగా ఉన్న శనివారం ఒకటి ఎంచుకోండి. కంప్యూటర్లు ఆపి, సాయంత్రం 5 గంటలకు ఇంటి కరెంటంతా ఆపే మెయిన్ బ్రేకర్ దించేయండి. రాత్రి 10 దాకా ఎత్తకండి. పసిపిల్లలుంటే, ఎవరైనా వైద్యపరికరం మీద ఉంటే, లేదా బేస్‌మెంట్‌లో చేరే నీళ్లను తోడే సంప్ పంప్ నడుస్తుంటే ఇది చేయొద్దు. మిగిలినవాళ్లు అన్నం కరెంటు కుక్కర్ లేకుండా వండండి, అందరూ ఒకే గదిలో చేరండి, ఆ గది తలుపు కింద దుప్పటి పెట్టండి. ప్రతి గంటకూ ఆ గదిలో, వంటింటి సింకు కింద ఎంత వేడి ఉందో రాసుకోండి. డిటెక్టర్ బ్యాటరీ మీద నడుస్తోందో లేదో చూడండి. టార్చ్ ఎక్కడుందో ఎవరు ఎవర్ని అడిగారో కూడా రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఐదో పాఠంలో ఇంటికప్పు మీది మంచు బరువు లెక్క మొదలుపెట్టే ముందు అడుగుతాను.