పిల్లలతో క్రిస్మస్ పనులు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

పిల్లలతో కలిసి చేసిన క్రిస్మస్ పని ఏదైనా చెడిపోతే ఇంట్లో ముందు వినిపించేది ఒకటే మాట: "నువ్వు వేలు పెట్టావు, అందుకే." నిజానికి వాళ్ల వేలు వల్ల చెడేది చాలా తక్కువ. తడి ఎక్కువవడమో, సెగ సరిపోకపోవడమో, పెద్దవాళ్లం కొలత చూసుకోకపోవడమో అసలు సంగతి. నూనె, నిప్పు, కరెంటు మనవి. మిగతాదంతా వాళ్లకి వదిలేయొచ్చు.

గులాబీ పువ్వు అచ్చుని వదలడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ఇదే. ముందుగా అనుమానించాల్సింది కొత్త అచ్చుని. హైదరాబాద్ బేగంబజార్‌లో కొని తెచ్చి, కడిగి, నేరుగా పిండిలో ముంచితే అది వదలదు. ముందు రోజు రాత్రి బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే తుడిచి ఆరబెట్టి నూనె పట్టించండి. వేయించే ముందు కాగే నూనెలోనే అచ్చుని పది నిమిషాలు ఉంచండి. అయినా మొదటి రెండు మూడు పువ్వులు ముక్కలవుతాయి. వాటిని తినడానికి పిల్లలు ఎలాగూ సిద్ధంగా ఉంటారు.

అచ్చు పాతదే, అయినా ఊడటం లేదా? ఎంత లోతుగా ముంచుతున్నారో చూడండి. ముప్పావు వంతు వరకే ముంచాలి. పిండి పైఅంచు దాటిందంటే మూత బిగించినట్టు పట్టేస్తుంది, ఇక పుల్లతో పెకలించాల్సిందే. నూనెలో పెట్టగానే కుదపడం కూడా తప్పే. అంచులు గట్టిపడి కాస్త రంగు మారాక మెల్లగా ఆడిస్తే దానంతటదే జారుతుంది.

అసలు పిండే అచ్చుకి అంటకపోతే కారణం వేరు. అచ్చు చల్లబడి ఉండొచ్చు, మరీ కాలిపోయి ఉండొచ్చు, నూనె కారుతూ ఉండొచ్చు. నూనెలోంచి తీసి, పాత గుడ్డ మీద ఒక్కసారి అద్ది, వెంటనే ముంచండి. చుయ్‌మని పెద్ద శబ్దం వచ్చి పిండి రాలిపోతే ఒక్క క్షణం ఆగి ముంచండి. పిండి దోసెల పిండి కన్నా కొంచెం పలచగా ఉండాలి. కప్పు బియ్యప్పిండి, అర కప్పు మైదా, అర కప్పుకి కాస్త తక్కువ పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచాడు నువ్వులు, కలపడానికి సరిపడా కొబ్బరి పాలు. పంచదార ఎక్కువైతే పువ్వు త్వరగా నల్లబడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. మర్నాటికి మెత్తబడితే మాత్రం పిండిని తిట్టకండి, వేడి ఆరకుండా డబ్బాలో పెట్టేసి ఉంటారు.

పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. జల్లించడం, గుడ్డు కొట్టడం, కలపడం వాళ్ల పని.

గవ్వలు నూనెలో విచ్చుకుంటున్నాయి

చిన్న చేతులకి ఇంతకన్నా మంచి వంట లేదు. గవ్వల పీట లేకపోతే కడిగిన కొత్త దువ్వెనో, ఫోర్కో చాలు. విచ్చుకోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ పొడి పిండే. అంటుకోకుండా ఉండాలని పిల్లలు మైదా బాగా చల్లుతారు, దాంతో చుట్టిన అంచు అతుక్కోదు. పొడి పిండి బదులు చేతికి చుక్క నూనె రాయించండి. పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచండి. గవ్వ విచ్చుకోకుండా పొడిపొడిగా రాలిపోతే మాత్రం నెయ్యి ఎక్కువైనట్టు. ఇంకాస్త మైదా, నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ పిసికితే సరిపోతుంది.

కేకు మధ్యలో కుంగింది, పండ్లన్నీ అడుగుకి చేరాయి

కుంగడానికి పెద్ద కారణం వంటసోడా. కప్పు మైదాకి పావు చెంచా చాలు. పిల్లలు చెంచాని గోపురంలా నింపుతారు, కత్తి వెనకవైపుతో మట్టం చేయడం నేర్పండి. సోడా పాతదేమో అనుమానం ఉంటే నిమ్మరసం చుక్క వేసి చూడండి, బుసబుసమని పొంగకపోతే పారేయండి. రెండో కారణం మధ్యలో మూత (ఓవెన్ అయితే తలుపు) తీయడం. మొదటి అరగంట తీసి చూడకూడదు.

కేకు పొంగకుండా రబ్బరులా సాగితే, మైదా వేశాక ఎక్కువసేపు కలిపారన్నమాట. గిలక్కొట్టడం పిల్లలకి మహా ఇష్టం, ఆపమంటే ఏడుస్తారు. కాబట్టి వెన్న, పంచదార దగ్గరే వాళ్లని తృప్తిగా కొట్టనివ్వండి. మైదా పడ్డాక గరిటె మీరు తీసుకోండి, పొడి కనబడకుండా కలవగానే ఆపేయండి. గుడ్డు లేకుండా పెరుగు, సోడాతో చేస్తుంటే కలిపిన వెంటనే పొయ్యెక్కించాలి. ఆలస్యమైతే పొంగించే గాలి గిన్నెలోనే పోతుంది.

పండ్ల సంగతి. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కల్ని పంచదార పాకంలో ఊరబెట్టినవి, జిగటగా ఉంటాయి. వేణ్ణీళ్లలో కడిగి, తుడిచి, చెంచాడు మైదాలో దొర్లించండి. పిండి పలచగా ఉంటే ఈ చిట్కా పనిచేయదు, గరిటె నుంచి ముద్దగా జారేలా ఉండాలి. ఎండు ద్రాక్ష, ఖర్జూరం నానబెట్టడానికి నారింజ రసం చాలు. ఒక్క రాత్రి, అదీ ఫ్రిజ్‌లో. రమ్ములో ఊరినట్టు వారాల తరబడి బయట ఉంచితే రసం పులుస్తుంది.

ఓవెన్ లేనివాళ్లు కుక్కరులో చేస్తారు. రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, పది నిమిషాలు కాగనిచ్చి, సన్నని మంట మీద ముప్పావుగంట. నన్నడిగితే మంచి కుక్కరుని నీళ్లు లేకుండా కాల్చడం కన్నా మందపాటి పాత గిన్నె, బరువైన మూత మేలు.

నక్షత్రం వంకర తిరిగింది, కాగితం ముడతలు పడింది

నక్షత్రాలు కట్టేవాళ్లకి హైదరాబాద్‌లో ఒక సౌకర్యం ఉంది. సంక్రాంతి పతంగుల కోసం ధూల్‌పేటలో పల్చని రంగు కాగితం, వెదురు పుల్లలు డిసెంబరుకే సిద్ధంగా ఉంటాయి. క్రిస్మస్ నక్షత్రానికి కావలసిందీ అదే సరుకు.

వంకరకి కారణం పుల్లల పొడవు. పది పుల్లలూ సమానంగా కోయాలి, వెంట్రుకవాసి తేడా కూడా ఒక కొమ్మని లాగేస్తుంది. ఐదేసి పుల్లలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి, ఐదు కొసలూ దారంతో బిగించండి. లోపల పుల్లలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా పొట్టి పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. కొసలు కట్టేవరకు లోపలి పుల్లలు పెట్టకండి.

ముడతలకి కారణం నీళ్ల బంక. ఉడికించిన మైదా బంకని గట్టిగానే ఉంచి, కాగితానికి కాకుండా పుల్లకి రాయించండి. బాల్కనీలో వేలాడదీస్తే తెల్లవారుజాము మంచుకి మైదా బంక ఊడుతుంది, బయటి అంచులకి ఫెవికాల్ వాడండి. లోపల పాత 60 వాట్ల బల్బు వద్దే వద్దు, కాగితం మాడుతుంది. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు, అదీ కాగితానికి తగలకుండా.

పశువుల పాక థర్మోకోల్ కరిగిపోయింది

స్ప్రే రంగుల్లోనూ, గబుక్కున అంటుకునే జిగుర్లలోనూ ఉండే ద్రావకాలు థర్మోకోల్‌ని తినేస్తాయి. పోస్టర్ రంగులు, ఫెవికాల్ వాడితే ఏమీ కాదు. స్ప్రే తప్పదంటే ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి బాగా ఆరనివ్వండి. మెరుపులకి ముగ్గుల దుకాణంలో దొరికే రంగు పొడే చవక. మంచు కోసం పరిచే దూదిని సీరియల్ బల్బులకి దూరంగా ఉంచండి.

ఉప్పు పిండి బొమ్మలు పగులుతున్నాయి

రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పుకి కాస్త తక్కువ నీళ్లు. పగిలాయంటే నేరుగా ఎండలో పెట్టారు. పైభాగం ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపలింకా తడి. రెండు రోజులు నీడలో, తిప్పుతూ ఆరబెట్టి, ఆ తర్వాత ఎండకి పెట్టండి. మందం అర సెంటీమీటరు దాటనివ్వకండి. వేలాడదీసే రంధ్రం తడిగా ఉన్నప్పుడే స్ట్రాతో పొడవాలి, ఆరేటప్పుడు అది చిన్నదవుతుంది కాబట్టి కాస్త పెద్దదే పొడవండి. పగుళ్లలో అదే పిండిని నీళ్లతో జారుగా చేసి నింపొచ్చు.

వచ్చే ఏడాదికి దాచుకోవాలంటే రెండువైపులా వార్నిష్ వేయాలి, లేకపోతే వానాకాలంలో ఉప్పు తేమ లాగి బొమ్మలు చెమర్చి మెత్తబడతాయి. ఇంట్లో కుక్క ఉంటే చెట్టుకి పైకొమ్మలకే కట్టండి. అంత ఉప్పు కుక్కకి ప్రాణం మీదికి తెస్తుంది.