కారు నడపడం నేర్చుకుందాం – 7వ పాఠం: అద్దానికి ఆవిరి పట్టినప్పుడు

ఏసీ ప్యానెల్ మీద ఏ బొమ్మ దేనికో పోయిన పాఠంలో చూశాం. వాటిలో రెండింటితోనే ఇవాళ పని. విల్లులా వంగిన అద్దం మీదికి మూడు వంకర బాణాలు ఎక్కుతుంటే అది ముందు అద్దానికి గాలి కొట్టే బటన్. కారు బొమ్మ లోపలే బాణం చుట్టు తిరుగుతుంటే, ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పే రీసర్క్యులేషన్ బటన్.

ఏదీ నొక్కకముందు అద్దం లోపలి వైపు ఓ మూల వేలితో గీసి చూడండి. గీత పడితే ఆవిరి లోపలుంది, పడకపోతే బయటుంది. ఇది చూసుకోకుండా చేతికందిన నాబ్ తిప్పేస్తారు చాలామంది. రెండింటికీ మందు ఒకటి కాదు.

రథసప్తమి తెల్లవారుజామున విజయనగరం నుంచి అరసవల్లి బయల్దేరారనుకుందాం. బయట చలి, కారులో ఐదుగురు, తలస్నానాలు చేసిన తడి జుట్లు, కిటికీలన్నీ బిగించేశారు. రణస్థలం చేరకముందే అద్దం తెల్లబడుతుంది. ఊపిరిలోని, జుట్టులోని తేమ చల్లటి అద్దానికి తగిలి సన్నటి నీటి చుక్కలైపోతుంది. ఇది లోపలి ఆవిరి.

ముందు రీసర్క్యులేషన్ తీసేసి బయటి గాలి రానివ్వండి. గాలి అద్దం మీదికి పెట్టి, ఫ్యాన్ పెంచి, ఏసీ ఆన్ చేసి, టెంపరేచర్ నాబ్ ఎరుపు వైపు తిప్పండి. "చలిలో ఏసీ ఏంటండీ!" అని వెనక సీట్లోంచి ఎవరో ఒకరు అంటారు. ఏసీ చేసేది చల్లబరచడమొక్కటే కాదు. లోపలి చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరై, గొట్టం గుండా కారు కిందికి కారిపోతుంది. ఆరిన ఆ గాలిని హీటర్ వేడి చేసి అద్దం మీదికి పంపుతుంది. పెట్రోలు, డీజిలు కార్లలో ఆ వేడి ఇంజను కూలెంట్ (ఇంజను వేడిని లాగే ద్రవం) నుంచి వస్తుంది కాబట్టి బండి తీసిన వెంటనే వేడి గాలి రాదు. ఈలోగా ఏసీ ఒక్కటే పని చేస్తుంది. తొందరైతే కిటికీలు రెండు వేళ్ల మందం దించండి.

అరచేత్తో మాత్రం తుడవొద్దు. చేతి జిడ్డు అద్దానికి అంటి, ఎదురుగా లారీ లైటు పడగానే ముందంతా మెరుపే.

ఇప్పుడు రెండోది. శ్రావణ భాద్రపదాల్లో వాన వెలిసిన సాయంత్రం. బయట 27 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం. అలాంటి గాలి సుమారు 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు విడుస్తుంది, చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి చెమట పట్టినట్టు. మీరు ఏసీ 18లో పెట్టి గాలి అద్దానికే కొడుతుంటే ఆవిరి బయట పడుతుంది. లోపల ఎంత తుడిచినా పోదు, ఏసీ పెంచిన కొద్దీ చిక్కబడుతుంది. ఓసారి వైపర్ వెయ్యండి. గాలిని అద్దం మీంచి ముఖం వైపో కాళ్ల వైపో మళ్లించి, ఏసీ 25, 26కి తెండి. మన తీరప్రాంతంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. చలిదేశాల వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు తికమక పడేదీ ఇక్కడే.

సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పొద్దున్నే కమ్ముకునే మంచు వేరే సంగతి. అది అద్దం మీద కాదు, దారి మీద ఉంటుంది. ఏ బటనూ దాన్ని తీయదు. హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ వేసుకుని మెల్లగా పోవడమే.

అభ్యాసం: వాన రోజు ఆరుబయట బండి ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి, మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రాణాంతకం. కిటికీలు మూసి, ఏసీ ఆపి, రీసర్క్యులేషన్ పెట్టి కబుర్లాడండి. అద్దం మసకబారాక ముందు బయటి గాలి, కాసేపటికి ఏసీ, ఆ తర్వాత వేడి, ఒక్కొక్కటే కలుపుతూ దేంతో ఎంత తేటపడిందో చూడండి.

వచ్చే పాఠం వెనక అద్దం గురించి. దానికి అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలున్నాయో లేదో ఈలోగా మీ కారులో చూసి పెట్టుకోండి. తక్కువ వేరియంట్లలో చాలావాటికి ఉండవు.