ఒంటారియోలో పాత పాంటియాక్ పారిసియెన్ అమ్మడం: పేరు మార్పిడి దరఖాస్తు విధానం

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, సొంత సేకరణలో ఉన్న పాత పారిసియెన్, లారెన్షియన్, స్ట్రాటో చీఫ్ లాంటి జీఎం (జనరల్ మోటార్స్) పాంటియాక్ పెద్ద కార్లు అమ్మేటప్పుడు బేరం చెడేది ధర దగ్గర కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ. పర్మిట్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఒక అంకె తప్పు పడి ఉంటుంది, లేదా రిజిస్ట్రేషన్ ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది. ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్నంతకాలం ఇవేవీ అడ్డు రావు. కొనేవారు ప్రభుత్వ సేవల కేంద్రం సర్వీస్‌ఒంటారియో కౌంటర్ ముందు నిలబడ్డాకే బయటపడతాయి. అందుకే ప్రకటన ఇవ్వకముందే కాగితాలు సరిచేసుకోవాలి. ఇక్కడ 1967 పారిసియెన్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

ముందు వీఐఎన్ చూడండి

వీఐఎన్ అంటే కారు గుర్తింపు నంబరు. 17 అక్షరాల వీఐఎన్ 1981 నుంచే వచ్చింది. 1967 కారుకు ఉండేది 13 అంకెలు. కెనడా పాంటియాక్ అయితే మొదటి అంకె 7, అమెరికా పాంటియాక్ అయితే 2. తర్వాతి నాలుగు అంకెలు సిరీస్‌నూ బాడీ రకాన్నీ చెబుతాయి. ఆరోది మోడల్ సంవత్సరం, ఏడోది ఫ్యాక్టరీ (ఒషావాకు 1), చివరి ఆరూ వరుస సంఖ్య. 1967 వరకు ఈ నంబరున్న చిన్న లోహపు పలక డ్రైవర్ వైపు తలుపు కీళ్లుండే స్తంభం మీద ఉంటుంది. 1968 నుంచి డాష్‌బోర్డు మీదకు మారింది, ముందు అద్దంలోంచి చూస్తే కనిపిస్తుంది.

తలుపు బార్లా తీసి, టార్చి వెలుగును పక్క నుంచి పడేలా పట్టుకుని ఫోటో తీయండి. ఆ ఫోటోను పర్మిట్ పక్కన పెట్టి అంకె అంకె పోల్చండి. ఇంజన్ గదిలో ఫైర్‌వాల్ మీద మరో పలక ఉంటుంది. అది బాడీ, రంగు, సీట్ల గుడ్డ కోడ్‌లు చెప్పేది మాత్రమే. దాన్నే వీఐఎన్ అనుకుని ప్రకటనలో రాసేవాళ్లు చాలామంది, కొనేవారికి అనుమానం మొదలయ్యేది అక్కడే. పెయింట్ పేరుతో అసలు వీఐఎన్ పలకను ఊడదీయకండి, ఇసుక కాగితంతో రుద్దకండి. కదిలిన పలక ఉన్న కారును జాగ్రత్త తెలిసినవారు కొనరు.

పర్మిట్ మీద నంబరు తేడాగా ఉంటే అమ్మకానికి ముందే, కారు మీ పేరున ఉండగానే, ఫోటోలతో సర్వీస్‌ఒంటారియోకు వెళ్లి సరిచేయించండి. ఆ తేడా కొనేవారి దరఖాస్తులో బయటపడితే పేరు మార్పిడి ఆగిపోతుంది. డబ్బు అప్పటికే చేతులు మారి ఉంటే గొడవే.

అమ్మేది ఎవరు?

పర్మిట్ మీద పేరున్నవారే అమ్మాలి. కొన్న కారును తమ పేరుకు మార్చుకోకుండా మూడో మనిషికి అమ్మేవారిని ఒంటారియోలో లైసెన్సు లేని వ్యాపారులుగా చూస్తారు. డీలర్లను నమోదు చేసే సంస్థ ఓమ్విక్ ఇలాంటివారి మీద చర్య తీసుకుంటుంది. సేకరణలోంచి ఒకదాని తర్వాత ఒకటి అమ్ముతున్నవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి. యజమాని చనిపోయి ఉంటే వీలునామా, మరణ ధ్రువపత్రం, ఎస్టేట్ బాధ్యత ఎవరిదో చూపే పత్రం సిద్ధంగా ఉంచుకుని, ఆ హోదాలోనే సంతకం చేయాలి.

కారు కొడుకుకో కూతురికో ఉచితంగా ఇస్తుంటే దారి వేరు. దగ్గరి కుటుంబ సభ్యుల మధ్య బదిలీకి కింద చెప్పే ప్యాకేజీ అక్కర్లేదు. ప్రమాణ పత్రం ఇస్తే పన్ను మినహాయింపు కూడా ఉంటుంది.

యూవీఐపీ

ప్రైవేటు అమ్మకంలో కొనేవారికి యూజ్డ్ వెహికల్ ఇన్ఫర్మేషన్ ప్యాకేజ్ ఇవ్వడం అమ్మేవారి చట్టబద్ధమైన బాధ్యత. అందరూ యూవీఐపీ అంటారు. ఖర్చు 20 డాలర్లు. ఆన్‌లైన్‌లోనైనా, సర్వీస్‌ఒంటారియో కేంద్రంలోనైనా వీఐఎన్ లేదా ప్లేటు నంబరు ఇచ్చి తీసుకోవచ్చు. అందులో కారు వివరాలు, ఒంటారియోలో ఇదివరకటి యజమానుల చరిత్ర, కారు మీద తీరని అప్పు ఏదైనా నమోదై ఉందా అన్న సమాచారం, నింపాల్సిన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం) పేజీ ఉంటాయి.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. అప్పు సమాచారం ప్యాకేజీ తీసిన రోజు వరకే చెల్లుతుంది. ఏడాది కిందట తీసింది చూపిస్తే కొనేవారు నమ్మనక్కర్లేదు, మీరూ నమ్మించబోకండి. బేరం కుదిరే దశలో కొత్తది తీయండి. పైగా అది ఒంటారియో రికార్డు మాత్రమే. కారు కొన్నాళ్లు క్యూబెక్‌లోనో మానిటోబాలోనో తిరిగి ఉంటే ఆ చరిత్ర అందులో ఉండదు, విడిగా చూపాలి. అప్పు తీరిపోయినా రికార్డులో మిగిలిపోయి ఉంటే, ఇచ్చిన సంస్థ నుంచి విడుదల పత్రం తెచ్చి పెట్టుకోండి.

బిల్ ఆఫ్ సేల్ నింపేటప్పుడు

ధర నిజమైనది రాయండి. ఒంటారియోలో ప్రైవేటు అమ్మకంపై 13 శాతం పన్ను కొనేవారు పేరు మార్పిడి రోజు కడతారు. మామూలు కార్లకు వాడిన కార్ల ధరల పట్టికలోని టోకు ధర, కొన్న ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై పన్ను వేస్తారు. ఇంత పాత కారుకు పట్టికలో ధర దొరకనప్పుడు బిల్ మీద రాసిన అంకె మరింత ముఖ్యమవుతుంది. పన్ను తగ్గించడానికి చిన్న అంకె వేయమని కొనేవారు అడగడం మామూలే. ఒప్పుకుంటే తప్పుడు పత్రం మీద మీ సంతకం ఉంటుంది. గుర్తింపు పొందిన మదింపుదారు విలువ పత్రం ఉంటే జత చేయండి.

మీటరు అంకెలోనూ జాగ్రత్త. ఈ కార్ల మీటరు మైళ్లలో ఐదు అంకెలే చూపుతుంది, 99,999 తర్వాత మళ్లీ సున్నాకు వస్తుంది. పత్రంలో మైళ్లని స్పష్టంగా రాసి, అసలు దూరం తెలియకపోతే తెలియదనే రాయండి. కిలోమీటర్లలోకి మార్చాలంటే 1.609తో గుణించాలి.

కారు వర్ణనలో ఒక విషయం తప్పక చెప్పాలి. 1965 ఆటో ఒప్పందానికి ముందు సుంకాల కారణంగా కార్లు కెనడాలోనే తయారయ్యేవి. చిన్న మార్కెట్‌లో ఖర్చు తగ్గించడానికి పాంటియాక్ రూపం కింద షెవ్రొలె ఛాసీస్, ఇంజన్ పెట్టారు. ఒప్పందం తర్వాతా ఆ పద్ధతి కొనసాగింది. అందుకే 1967 పారిసియెన్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం షెవ్రొలె ఇంపాలాలా 119 అంగుళాలు. అమెరికా పాంటియాక్ బోన్‌విల్‌ది 124. ఇంజన్ షెవ్రొలెదే అయి ఉంటుంది, ఉదాహరణకు 283 లేదా 327 (ఘనపు అంగుళాలు). ‘కెనడా బోన్‌విల్’ అని ప్రకటిస్తే కొన్నవారు పాంటియాక్ 400 ఇంజన్ భాగాలు తెప్పించి, అవి సరిపోక మిమ్మల్నే నిందిస్తారు. ఇంజన్ అసలుదేనని కాగితం లేకుండా రాసివ్వకండి. జీఎం కెనడా రికార్డుల నుంచి వచ్చిన పత్రాలు ఫైల్లో ఉంటే అసలువే ఇవ్వండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి.

సేఫ్టీతోనా, లేకుండానా?

ప్లేట్లు పెట్టి రోడ్డెక్కాలంటే లైసెన్సున్న కేంద్రం ఇచ్చే సేఫ్టీ స్టాండర్డ్స్ సర్టిఫికెట్ కావాలి. తనిఖీ నాటి నుంచి 36 రోజులే చెల్లుతుంది, కాబట్టి కొనేవారు ఖాయం కాకముందే చేయిస్తే డబ్బు వృథా. సర్టిఫికెట్ లేకుండా కూడా పేరు మార్చవచ్చు, కాకపోతే కారును ‘అన్‌ఫిట్’గా నమోదు చేస్తారు, ప్లేట్లు ఇవ్వరు. పాత పెద్ద కార్లకు చాలాసార్లు ఇదే తెలివైన దారి. ఛాసీస్ తుప్పు రంధ్రాలు, నేల రేకు, బాల్ జాయింట్లు, బ్రేకు గొట్టాలు, పగుళ్లిచ్చిన పాత టైర్లు తనిఖీలో కారును ఫెయిల్ చేసే ప్రధాన లోపాలు. గాడి లోతు బాగున్నా పక్క గోడ పగిలిన టైరు పనికిరాదు. పొగ పరీక్ష గోల లేదు, ఆ పరీక్షల పథకం డ్రైవ్ క్లీన్ చిన్న వాహనాలకు 2019 ఏప్రిల్ 1తో ముగిసింది.

కౌంటర్ దగ్గర

మన తెలుగు రాష్ట్రాల్లో ఫారం 29, 30 నింపి పేరు మార్చినా బండి నంబరు బండితోనే వెళ్తుంది. ఒంటారియోలో ప్లేటు యజమానిది. బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో స్థిరపడిన మనవాళ్లు అలవాటుగా ప్లేట్లతో సహా కారు అప్పగించేస్తుంటారు. ఆ తర్వాత వచ్చే టోల్ బిల్లులూ జరిమానాలూ మీ పేరునే వస్తాయి.

పర్మిట్‌లో రెండు భాగాలుంటాయి. ప్లేటు భాగం, ప్లేట్లు మీరు ఉంచుకోవాలి. వాహన భాగం వెనక బదిలీ దరఖాస్తులో కొనేవారి పేరు, తేదీ రాసి సంతకం చేసి ఇవ్వాలి. పేరు, తేదీ ఖాళీగా వదిలేసి సంతకం మాత్రం చేయకండి, అది మూడో చేతికి వెళ్లిపోతుంది. కొనేవారు ఆరు రోజుల్లోగా నమోదు చేసుకోవాలి. కుదిరితే ఇద్దరూ కలిసే వెళ్లండి, మార్పిడి కళ్లముందే అయిపోతుంది. వారు తెచ్చుకోవాల్సినవి: యూవీఐపీ, నింపిన బిల్, సంతకమైన వాహన భాగం, గుర్తింపు, ప్లేట్లు పెట్టాలంటే బీమా, సేఫ్టీ. కొత్త పర్మిట్‌కు 32 డాలర్లు, పన్ను వేరు. డబ్బు బ్యాంకు డ్రాఫ్టుగా అయితే జారీ చేసిన శాఖకే ఇద్దరూ వెళ్లి తీసుకోవడం మంచిది.

కారుకు చారిత్రక ప్లేట్లు ఉంటే అవీ కొనేవారికి వెళ్లవు. ఆయన మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి: కనీసం 30 ఏళ్ల కారై, తయారైనప్పటి రూపంలో పెద్దగా మార్పు లేకుండా ఉండాలి. మోటారు మార్చి, ముందు భాగం కొత్తగా కట్టిన కారుకు ఇది దొరకదు, ఆ మాట బేరంలోనే చెప్పండి.

కొనేవారు అమెరికావారైతే 25 ఏళ్లు దాటిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాలు, 21 ఏళ్లు దాటిన అసలు స్థితి కారుకు కాలుష్య ప్రమాణాలు అడ్డు కావు. సరిహద్దులో హెచ్‌ఎస్-7, 3520-1 అనే దిగుమతి ఫారాలు ఆయనే నింపుతారు. మీరివ్వాల్సింది పర్మిట్, బిల్ ఆఫ్ సేల్, వీఐఎన్ పలక ఫోటో. మూడింటి మీదా ఆ 13 అంకెలు ఒకేలా ఉండాలి.

మార్పిడి పూర్తయిందని తేలాకే బీమా రద్దు చేయించండి. ప్లేట్లు వేరే కారుకు వాడకపోతే సర్వీస్‌ఒంటారియోకు తిరిగి ఇచ్చేయండి.